ఒక్క సాయంత్రంలో దొరికిన బావమరిది

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఆ సంగతి బడికి తెలియడానికి చాలా రోజులు పట్టింది. హాజరు పిలిచే మాస్టారు నా పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, "ఈడు వచ్చినప్పుడు మాత్రం ఏటి ఉద్ధరించినాడు" అని తరవాతి పేరుకి వెళ్లిపోయేవారట. మానేయడానికి కారణం కూడా గొప్పదేమీ కాదు. లెక్కల మాస్టారు బెత్తం వాడేవారు, నాకు దెబ్బలంటే భయం. అంత భయస్తుణ్ని మా నాన్న తీసుకెళ్లి రైల్వే వర్క్‌షాపులో పడేశాడు. ముందు ఖలాసీ, తరవాత కమ్మరి షాపులో హేమర్‌మేన్. అంటే సమ్మెటతో కొట్టేవాడు. కొట్టినందుకే జీతం, బాగా కొడితే ప్రమోషన్. బెత్తం భయంతో పారిపోయినవాడికి దేవుడు అంతకంటే మంచి ఉద్యోగం చూపించలేడు.

మన తెలుగు సంఘం కుర్రాళ్లు పత్రిక వేస్తూ, "తాతా, నీ సర్వీసులో మరిచిపోలేని రోజు గురించి రాయి" అన్నారు. నాకంటే ముందు రాసిన పెద్దలందరూ తమకి అవార్డు వచ్చిన రోజు గురించి రాశారు. నాకు అవార్డులు రాలేదు. ఒకసారి మా షాపుకి పరిశుభ్రత బహుమతి వచ్చింది. ఆ వారం నేను సెలవులో ఉన్నాను. రెండింటికీ సంబంధం ఉందని మా ఫోర్‌మేన్ నమ్మకం. అందుచేత నేను రాసేది దెబ్బల గురించి. అవి పడ్డది వర్క్‌షాపులో కాదు, మా వీధిలో. కానీ వర్క్‌షాపు లేకపోతే అవి అలా పడేవి కావు.

పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా షాపులో పెద్ద పెద్ద ఇనుముల్ని సాగగొట్టడానికి మిషను సుత్తులు ఉండేవి. చిన్నచిన్నవి మాత్రం దాగలి మీద చేత్తోనే కొట్టేవాళ్లం. మిస్త్రీ ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో తెచ్చి దాగలి మీద పెడతాడు. ఆయన రెండో చేతిలో చిన్న సుత్తి ఉంటుంది. దానితో ఇనుము మీద ఒక చోట 'టిక్' అంటాడు. అక్కడ నేను సమ్మెట వేయాలి. మళ్లీ 'టిక్'. ఎదురుగా నిలబడ్డ నా జోడీ వేస్తాడు. ఎక్కడ కొట్టాలో, ఎంత కొట్టాలో చెప్పేది ఆ చిన్న సుత్తే, మా బుర్రలు కాదు. మా బుర్రల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ చిన్న సుత్తి ఇనుమును వదిలేసి దాగలి అంచు మీద 'టంగ్' మన్నదంటే ఆపాలి. పైకి లేచిన సమ్మెటైనా సరే, పక్కకి దించేయాలి. ఆ తరవాత పడే దెబ్బ ఇనుము మీద పడదు, మిస్త్రీ వేళ్ల మీద పడుతుంది.

మా మిస్త్రీ తాల్‌బగీచాలో ఉండే బెంగాలీ మనిషి, నా ఈడువాడే. నేను ఆ షాపులో చేరిన రోజున నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. "ఛోటో హాతుడి థామ్‌లే థామ్‌బి." చిన్న సుత్తి ఆగితే నువ్వూ ఆగు అని. తరవాత చాలా ఏళ్ల పాటు నాతో వేరే మాట్లాడాల్సిన అవసరం ఆయనకి కనబడలేదు. ఆయన వాటా మాటలు కూడా నేనే మాట్లాడేసేవాణ్ని.

నా జోడీ మా రైల్వే క్వార్టర్స్ ఉన్న ఓల్డ్ సెటిల్‌మెంట్‌వాడే, మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల. వాళ్ల తాతా మా తాతా శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీల గడ్డకి ఒకే రైల్లో వచ్చారనీ, ఇద్దరికీ కలిపి ఒకటే టికెట్ కొన్నారనీ మా ఇళ్లలో చెప్పుకుంటారు. టికెట్ ఉన్నది ఎవరి తాత దగ్గరో ఇంకా తేలలేదు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. చేతులు మాత్రం నా కాళ్లంత. మనసు మెత్తన. మనవరాలు వీపెక్కితే వీధి పొడుగునా గుర్రమై తిరిగేవాడు. సమ్మెట పట్టుకునే ముందు అతనికో అలవాటు ఉండేది. కుడి చొక్కా చేతిని మోచెయ్యి పైదాకా మడతలు పెట్టేవాడు. ఆ మడతలు పడ్డాయంటే ఇక మాట్లాడడు.

నా సర్వీసు చివరి ఏడు అది. ఫోన్లలో వీడియోలు తిరుగుతున్న రోజులు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు దిగారట, చాక్లెట్ ఇచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతున్నారట. ఛేలేధరా, బచ్చా చోర్, పిల్లల దొంగలు, మా ఊళ్లో ఏ భాషవాడికి ఆ భాషలో భయం. రోజూ పొద్దున్నే పూల బొమ్మలు పంపే మా తోడల్లుడు కూడా పూలు మానేసి ఇవే పంపడం మొదలెట్టాడు. ఎక్కడో బిచ్చగాణ్ని కొట్టారని, ఎక్కడో దుప్పట్లు అమ్ముకునేవాణ్ని కొట్టారని వినబడేది. మా షాపులో "పాపం" అన్నవాళ్లున్నారు, "ఏదో చేసే ఉంటాడు" అన్నవాళ్లూ ఉన్నారు. నేను రెండూ అన్నాను, ఆ పూట ఎవరితో టీ తాగుతున్నానన్నదాన్ని బట్టి.

ఆ రోజు సాయంత్రం సైరన్ అయింది. నా జోడీ ఎప్పట్లాగే ముందు వెళ్లిపోయాడు. అతనికి సైరన్ మోగేసరికే ఒక కాలు సైకిల్ మీద ఉంటుంది. మిస్త్రీ మాత్రం తన దారిన తాల్‌బగీచా వెళ్లకుండా నాతో వచ్చాడు. మా ఆవిడ తను పెట్టిన మాగాయ సీసాడు ఇస్తానంది. బెంగాలీ మనిషి మా మాగాయ కోసం ఎంత దూరమైనా సైకిల్ తొక్కుతాడు, దాని గురించి కూడా మాట్లాడడు.

మా వీధి మలుపులో జనం. దీపస్తంభానికి ఆనించి ఒక కుర్రాడు. సన్నగా ఉన్నాడు, పాతికేళ్లు దాటి ఉంటాయి. చొక్కా కాలరు చిరిగింది, ముక్కు నుంచి రక్తం, కళ్లజోడు కింద. అతని ఫోను ఇంకెవడి చేతిలోనో ఉంది. "నేను చెప్తున్న గద, నేను చెప్తున్న గద" అంటున్నాడు తెలుగులో. మా తెలుగు కాదు, తెలంగాణ తెలుగు. చుట్టూ ఉన్నవాళ్లలో సగం మందికి ఏ తెలుగైనా ఒకటే.

జరిగినదేమిటో నాకు తరవాత తెలిసింది, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. ఆ కుర్రాడు మన ఊళ్లోని ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన చేస్తున్నాడు. పాత గోడలకి పగుళ్లు ఎందుకొస్తాయన్నది అతని పరిశోధన. మా క్వార్టర్స్ అతనికి స్వర్గంలా కనబడి ఉంటాయి. పగులును ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెట్టాలట, లేకపోతే అది ఎంత పొడుగో ఫోటోలో తెలియదట. స్కేలు హాస్టల్లో మరిచిపోయాడు. అక్కడ ఆడుకుంటున్న చిన్నపిల్లని చూసి, "పాపా, జర ఈ గోడ పక్కన నిలబడు" అన్నాడు. నిలబడినందుకు చాక్లెట్ ఇచ్చాడు. ఆ గోడ అయ్యాక మూల తిరిగి ఇంకో గోడ ఉంది. పిల్ల చెయ్యి పట్టుకుని అటు నడిచాడు. కిటికీలోంచి పిల్ల తల్లి చూసింది. కొత్త మనిషి, చాక్లెట్, పిల్ల చెయ్యి, మూల మలుపు. వీడియోలో ఉన్నవన్నీ ఉన్నాయి. ఆమెని ఏమనగలం?

ఆ పిల్ల నా జోడీ మనవరాలు.

జనం కొట్టడం ఎలా ఉంటుందో నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. వచ్చినవాడు ఒక్క దెబ్బ వేస్తాడు, వెనక్కి తగ్గుతాడు. ఇంకొకడు వస్తాడు. అందులో ఉన్న సుఖం అదే. ఎవడి మట్టుకి వాడు ఒక్కటే కొట్టాడు. ఇంటికెళ్లి అన్నం తినడానికి ఏ అడ్డూ లేదు. పోలీసులకి ఫోన్ చేసినవాళ్లు కూడా ఆ గుంపులోనే ఉన్నారు. కానీ జీపు దూరం, జనం దగ్గర. ఎవడో తాడు తెచ్చాడు.

అంతలో నా జోడీ తన ఇంట్లోంచి బయటికి వచ్చాడు. మనవరాలు క్షేమంగా ఉందని చూసుకునే వచ్చాడు. అయినా ఆగలేదు. నడుస్తూనే కుడి చొక్కా చేతిని మడుస్తున్నాడు.

అందరి దెబ్బలూ వేరు, ఆ దెబ్బ వేరు. ఆ చెయ్యి పడితే ఇనుము సాగడం నేను రోజూ ఎదురుగా నిలబడి చూశాను. ఈ కుర్రాడు ఇనుము కాదు. ఒక్కటి చాలు, ఆ కుర్రాడు పోతాడు, నా జోడీ జైలుకి పోతాడు. ఆ పిల్లకి గుర్రం ఉండదు.

నేను సైకిల్ మిస్త్రీ చేతిలో పెట్టి జనంలోకి దూరాను. నాకు తెలిసిన ఆయుధం ఒకటే, అదే ముందు తీశాను.

"ఒరే, మన పిల్లల్ని ఎవడెత్తుకెళ్తాడ్రా! ఎత్తుకెళ్లినోడు రెండో రోజుకి ఆడే తెచ్చి దింపేసి, దణ్ణం ఎట్టి పోతాడు!"

షాపులో ఎన్ని గొడవలు ఇలాంటి మాటలతో చల్లార్చానో లెక్కలేదు. ఆ రోజు ఒక్కడూ నవ్వలేదు. నా జోడీ నన్ను ఒక్క చేత్తో పక్కకి జరిపాడు.

"అన్నా, పక్కకి తప్పుకో. ఇది నవ్వులాట కాదు."

"ఆడేటి సేసినాడో అడిగినావా?"

"అడగడానికేటుంది? నా మనవరాలి సెయ్యి ఆడి సేతిలో ఉంది. తప్పుకో."

మడత పూర్తయింది. అతని చెయ్యి పైకెళ్లింది.

అప్పుడు నా చెయ్యి లేచింది. అంతవరకు ఆ చెయ్యి ఇనుమును తప్ప దేన్నీ కొట్టలేదు. దోమల్ని కూడా నేను తోలేవాణ్నే గాని కొట్టేవాణ్ని కాదు, అందుకే మా ఇంట్లో దోమలు ఎక్కువ. కుర్రాడి చెంప మీద సాఫీగా ఒకటి వేశాను. వీధి చివరిదాకా వినబడింది.

"ఎక్కడికెళ్లిపోనావురా దరిద్రుడా! పొద్దుట్నుంచి మీ అక్క ముద్ద ముట్టలేదు! నిన్ను ఎతకని సోటు లేదు!"

జనం ఆగారు. నాకంటే ఎక్కువగా ఆ కుర్రాడు ఆగిపోయాడు. అంతవరకు తనని కొడుతున్నవాళ్లెవరూ తన కోసం వెతికినట్టు చెప్పలేదు.

తాడు పట్టుకున్నవాడు, వీడు నీ మనిషా అని హిందీలో అడిగాడు. "దాదా, ఏ ఆప్‌కా ఆద్మీ హై?"

"మేరా సాలా హై."

సాలా అంటే బావమరిదే, కానీ మా ఊళ్లో ఆ మాట రోజుకి వందసార్లు తిట్టుగా పడుతుంది. చుట్టరికం చెప్పానో తిట్టానో వాడికి తేలలేదు. "బీబీ కా భాయ్. సగా భాయ్" అని, పెళ్లాం సొంత తమ్ముడని విడమరిచాను.

నా జోడీ చెయ్యి ఇంకా దిగలేదు. అలాగే పట్టుకుని నన్ను చూశాడు. "మా వదినకి ఇంత సిన్న తమ్ముడేటన్నా? ఇన్నేళ్లలో ఎప్పుడూ సెప్పలేదే."

"సెప్పుకునే మొకమేనేటి ఇది? మా అత్తకి ఆకర్న పుట్టినాడు. గారం సేసి ఇలాగ తగలేసినారు."

పిల్ల తల్లి ముందుకొచ్చింది. నా జోడీకి కోడలు. తెలివైన పిల్ల, నా మొహం చూసి ఊరుకునే రకం కాదు. సూటిగా కుర్రాణ్నే అడిగింది. "ఈయన నీకేటవుతాడు?"

ఆ కుర్రాణ్ని వాళ్ల అమ్మానాన్నలు చాలా పద్ధతిగా పెంచారు. అబద్ధం ఆడకూడదని నేర్పారు. ముక్కు తుడుచుకుని, స్పష్టంగా, మర్యాదగా చెప్పాడు.

"ఈయన ఎవరో నాకు తెల్వదండీ."

రెండోది వేశాను. మొదటిదానికంటే ఇది నిజాయితీగా పడింది.

"సూసినారా! ఇంట్లో గొడవాడి వచ్చేసినాడు, ఇప్పుడు బావే తెలీదంటన్నాడు!" అని జనానికి చెప్పి, కాలరు పట్టి దగ్గరికి లాగి అతని చెవిలో మాత్రం, "బతకాలనుంటే నోర్ముయ్యి. నీకో అక్కుంది. నేను నీ బావని" అన్నాను.

చదువుకున్నవాళ్లకి కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది గాని, ఎక్కితే గట్టిగా నిలుస్తుంది. కుర్రాడు నన్ను చూశాడు, తాడును చూశాడు, నా జోడీ చేతిని చూశాడు. గొంతు సవరించుకుని, "అక్క... మంచిగున్నదా బావా?" అన్నాడు.

పిల్ల తల్లి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె నమ్మిందని నేను ఇప్పటికీ అనుకోను. చాలు అనిపించి ఉంటుంది. కానీ నా జోడీ చెయ్యి అలాగే ఉంది. అతని బుర్ర దిగమంటోంది, చెయ్యి వినడం లేదు. అలాంటి చెయ్యి ఎక్కువసేపు గాల్లో ఉండదు, ఎటో ఒకచోట పడాలి. వెనకనుంచి ఎవడో "మారో" అన్నాడు. ఆ మాట అన్నవాడు అన్నిటికంటే వెనక ఉన్నాడని మీకు చెప్పక్కర్లేదు.

అప్పుడు మిస్త్రీ నా సైకిల్‌ని గోడకి ఆనించి, తన సైకిల్ పంపు ఊడదీసి, దీపస్తంభం దగ్గరికి వచ్చాడు. దానితో ఇనుప స్తంభాన్ని కొట్టాడు. టంగ్. ఇంకోసారి. టంగ్.

నా జోడీ చెయ్యి దిగిపోయింది. అతను దించలేదు, అదే దిగింది, పక్కకి, కాలి వారగా, షాపులో దిగినట్టే. అతను తన చెయ్యిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. సర్వీసంతా ఆ శబ్దానికి ఆగిన చెయ్యి అది. దానికి స్తంభమైనా దాగలైనా ఒకటే.

"ఘరేర్ బ్యాపార్. బాడీ జా" అన్నాడు మిస్త్రీ. ఇంటి గొడవ, ఇళ్లకి పొండి అని. నేను విన్నంతలో ఆయన చేసినవాటిలో అన్నిటికంటే పొడుగాటి ఉపన్యాసం అదే.

ఆ తరవాత జనాన్ని తోలింది నా జోడీయే. తాడువాడి చేతిలోంచి తాడు లాక్కుని, "మావోడే. ఎల్లండి, ఎల్లండి" అంటూ చేతులు చాచి అందరినీ నెట్టుకుపోయాడు. ఆట మధ్యలో కరెంటు పోతే సినిమా హాల్లోంచి ఎలా బయటికొస్తారో అలా వెళ్లారు, నెమ్మదిగా, వెనక్కి చూసుకుంటూ. ఫోను ఎవరో తిరిగి ఇచ్చారు. కళ్లజోడు దొరికింది, ఒక అద్దంతో. జీపు మాత్రం అప్పటికీ రాలేదు.

మిస్త్రీ సైకిళ్ల దగ్గరే ఉండిపోయాడు. నేను కుర్రాణ్ని కాలరు పట్టుకునే నడిపించాను, బావ అలాగే పట్టుకుంటాడు కాబట్టి. నీళ్ల టాంకు వెనక సందులోకి తిరిగాం. అక్కడ అతను ఆగి, ఒంటి అద్దం కళ్లజోడులోంచి నన్ను చూశాడు.

"అంకుల్, మీరు నన్ను కొట్టుడు అవసరం లేకుండె. నేను వాళ్లకు సమజ్ చేపిస్తున్న. ఇంకో ఐదు నిమిషాలు ఆగితే వాళ్లే వింటుండిరి."

ఇంకొకటి వేసి, "నడు" అన్నాను. నడిచాడు.

ఇంటికి తీసుకెళ్లేసరికి కబురు నాకంటే ముందు చేరిపోయింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటయ్యా, నాకు తమ్ముడు పుట్టినాడంట?"

"లోపలికి పద, సెప్తాను."

"ఈడికి ఎన్నేళ్లు?"

"ఇరవై ఏడు అక్కా" అన్నాడు కుర్రాడు. పాఠం గుర్తుంచుకున్నాడు.

"మా నాన్న పోయి ముప్పయ్యేళ్లు దాటింది. మా అమ్మని ఏటి సేసినావయ్యా నడివీధిలో?"

నాకు ఆ లెక్క తట్టలేదు. లెక్కల మాస్టారి క్లాసులోంచి పారిపోతే ఇలాగే ఉంటుంది. ఆ పూట మా అత్తగారి పరువు పోయింది. ఆవిడ అప్పటికి స్వర్గంలో ఉంది కాబట్టి ఇబ్బంది పడలేదు. మా ఆవిడ కుర్రాణ్ని కూర్చోబెట్టి, మొహం కడిగించి, దెబ్బలకి పసుపు పెట్టి, ముందు మంచినీళ్లు, తరవాత చారూ అన్నం పెట్టింది. మాగాయ కూడా వేసింది. మిస్త్రీ సీసా అక్కడ కొంచెం తరిగింది. కుర్రాడు ముద్ద నోటిదాకా తేలేకపోయాడు. మా ఆవిడే కలిపి పెట్టింది. నేను గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకి నా జోడీ వచ్చాడు. చొక్కా చెయ్యి కిందికి దింపి బొత్తం పెట్టుకున్నాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నా, ఈడు నిజంగా మీ బామ్మర్దేనా?"

"కాదు."

"మరి ఆ మాట అక్కడ సెప్పలేదేటి?"

"సెప్తే ఇనేవోడివా?"

ఆలోచించాడు. "ఇనను" అన్నాడు. లోపలికొచ్చి నేల మీద కూర్చున్నాడు.

కుర్రాడు ఫోను తెరిచి ఫోటోలు చూపించాడు. అన్నీ గోడలే. పగుళ్లే. ఒకదానిలో పగులు పక్కన పిల్ల నిటారుగా నిలబడి, బుగ్గలో చాక్లెట్‌తో నవ్వుతోంది. నా జోడీ ఆ ఫోటోని చాలాసేపు చూశాడు.

"గోడకి పగులుంటే నా మనవరాలెందుకు బాబూ?"

"కొలత కోసం అంకుల్. స్కేలు మర్శిపోయి వచ్చిన."

"ఇంత సదువు సదివి స్కేలు మర్సిపోనావా?"

"అవునంకుల్."

"ఇంకెప్పుడూ మర్సిపోకు" అన్నాడు. లేచి వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చి షాపులో తను వాడే స్టీలు స్కేలు కుర్రాడి ఒళ్లో పెట్టి, మళ్లీ వెళ్లిపోయాడు. ఆ స్కేలు రైల్వేది. దాని సంగతి ఇక్కడ రాయకుండా ఉండాల్సింది. ఇద్దరం రిటైరయ్యాం కాబట్టి రాస్తున్నాను.

మరునాడు షాపులో మిస్త్రీ నన్ను చూసి, "ఛేలేటా ఖేయేఛే?" అన్నాడు. కుర్రాడు తిన్నాడా అని. తిన్నాడన్నాను. ఇనుము తెచ్చి దాగలి మీద పెట్టాడు. టిక్. నేను వేశాను. టిక్. నా జోడీ వేశాడు. ఆ రోజంతా అతను నా మొహం చూడలేదు, నేను అతని మొహం చూడలేదు. పని మాత్రం బాగా జరిగింది.

తరవాత తరవాత ఈ కథ మా ఊళ్లో నాకు పేరు తెచ్చింది. టీ కొట్టులో, పెళ్లిళ్లలో, చావు ఇళ్లలో కూడా అడిగి చెప్పించుకునేవారు. చెప్పగా చెప్పగా నాకో సిద్ధాంతం తయారైంది. చదువుకోనివాడికి సిద్ధాంతం దొరికితే లాటరీ తగిలినట్టే, అందరికీ చూపించుకుంటాడు. కుర్రాళ్లు వచ్చి, "తాతా, కొట్టడం తప్పా, రైటా?" అని అడిగేవారు. నేను గొంతు సవరించుకునేవాణ్ని. అసలు కొట్టకూడదు అనే పెద్దమనుషులు ఆ వీధి మలుపులో ఆ సాయంత్రం లేరు. కొడితే గాని బుద్ధి రాదు అనేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ల దగ్గర తాడు కూడా ఉంది. నా మాట ఈ రెండింటికీ మధ్య. చెయ్యి ఎత్తక తప్పని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజున దెబ్బ తినేవాడి కోసం కాదు, చూసేవాళ్ల కోసం కొట్టాలి. నేను జనం కళ్లకే కొట్టాను, మధ్యలో ఆ కుర్రాడి చెంప అడ్డొచ్చింది. కోపంతో కొట్టినవాడు గూండా, అవసరంతో కొట్టినవాడు డాక్టరు. ఇలా ఉండేది నా ధోరణి. మా ఆవిడ మాత్రం ఈ భాగం వచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

నేను రిటైరైన తరవాత ఒకరోజు ఆ కుర్రాడు మిఠాయి పొట్లంతో వచ్చాడు. పరిశోధన అయిపోయిందట, డాక్టరు అయ్యాడట, పగుళ్లకి. ఉద్యోగం వచ్చి వెళ్లిపోతున్నాడు. ఈ ఏళ్లలో పండక్కీ పబ్బానికీ మా ఇంటికి వస్తూనే ఉన్నాడు. మా ఆవిణ్ని అక్కా అనీ, నన్ను బావా అనీ పిలవడం మానలేదు. ఆ రోజు నా జోడీ కూడా ఉన్నాడు, పక్కింటి కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఇంతమంది ఉంటే నా నోరు ఊరుకుంటుందా? మొత్తం కథ మొదట్నుంచీ చెప్పాను, సిద్ధాంతంతో సహా. బాధితుడు పక్కనే కూర్చుని ఉన్నాడు కాబట్టి ఇంకాస్త రంగు వేశాను. చివరికి అతని భుజం మీద చెయ్యి వేసి, "సెప్పరా డాక్టరూ, నీ పేణం నిలబెట్టింది ఈ సెయ్యేనా కాదా? ఒక్కటంటే ఒక్కటి అనవసరంగా పడిందా?" అన్నాను.

అతను కొత్త కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"మొదటిది వాళ్లు చూడనీకి కొట్టిన్రు బావా, సరే. రెండోది నా నోరు మూయనీకి, అదీ సరే. మూడోది సందుల గద పడ్డది. అక్కడ చూసెటోళ్లు ఎవ్వలుండిరి? ఒక్క కుక్క. అది గూడ పండుకొని ఉండె."